ఆబింగ్డన్ షెడ్డు ముచ్చట

మంట కాస్త ఎగదోసి దగ్గరికి జరగండర్రా. ర్యాలీ కార్ల గురించి అడిగారుగా, ఒక షెడ్డు కథ చెబుతాను. మన రోడ్లన్నీ ఏలిన అంబాసిడర్ కారుకి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ మోరిస్, ఆస్టిన్ కంపెనీలు 1952లో కలిసి బి.ఎం.సి. అయ్యాయి. నేను బతుకంతా స్పానర్ తిప్పింది ఆ వంశపు ఇంజన్ల మీదే. అందుకే ఈ కథ నాకు సొంతింటి కథ.

ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అని చిన్న ఊరు. అక్కడి ఎం.జి. కార్ల ఫ్యాక్టరీలో 1950ల మధ్యలో బి.ఎం.సి. వాళ్లు ర్యాలీల కోసమే ఒక విభాగం పెట్టారు. దాన్ని నిలబెట్టినవాడు మార్కస్ ఛాంబర్స్. ర్యాలీ అంటే గుండ్రటి ట్రాక్ మీద చుట్లు కొట్టడం కాదు. దేశాలు దాటుతూ, కొండలెక్కుతూ, రాత్రనక పగలనక మామూలు దారుల్లో సాగే పోటీ. 1960లో ప్యాట్ మాస్, యాన్ విజ్డమ్ అనే ఇద్దరు ఆడవాళ్లు ఆస్టిన్ హీలీ 3000లో లియెజ్–రోమ్–లియెజ్ గెలిచారు. కంటిమీద కునుకుండని నాలుగు రోజుల పరుగది. ఆడవాళ్ల విభాగంలో కప్పు కాదమ్మలూ, మొత్తం పోటీకే మొదటి స్థానం!

ఇక మినీ సంగతి. 1956లో సూయజ్ కాలువ గొడవొచ్చి ఇంగ్లండులో పెట్రోలుకి కటకటైంది. తక్కువ తాగే చిన్న బండి కావాలని బి.ఎం.సి. వాళ్లు ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌కి అప్పజెప్పారు. 1959లో వచ్చిన ఆ కారు పొడవు పది అడుగులు, చక్రాలు పది అంగుళాలు. ఇంజన్ని అడ్డంగా కూర్చోబెట్టి, లాగే పని ముందు చక్రాలకే ఇచ్చాడు. బరువు వాటి మీదే పడేసరికి మంచులో కూడా బండి నేలని పట్టుకునేది. రేసుకార్లు కట్టే జాన్ కూపర్ దానికి బలం పెంచాడు.

1961లో ఆ ర్యాలీ విభాగానికి స్టూవర్ట్ టర్నర్ మేనేజరుగా వచ్చాడు. దారి చదివి చెప్పే నావిగేటరుగా పనిచేసినవాడు కనుక ఎక్కడ నిమిషం పోతుందో అతనికి తెలుసు. మంచులో పుట్టి పెరిగిన ఫిన్‌లాండ్ డ్రైవర్లు రౌనో ఆల్టోనెన్, టిమో మాకినెన్‌లని తెచ్చాడు. వాళ్లు కుడికాలు యాక్సిలరేటర్ మీదనుంచి తీయకుండానే ఎడమకాలితో బ్రేకు నొక్కేవాళ్లు. వెనక చక్రాలు జారి బండి ముక్కు మలుపులోకి తిరిగేది. పోటీకి ముందే కొందరు అదే దారిన వెళ్లి, ఏ మలుపులో మంచు గడ్డకట్టిందో రాసుకొచ్చేవాళ్లు. దాన్నిబట్టి మెకానిక్కులు టైర్లు మార్చేవాళ్లు.

1964లో ఐర్లండ్ కుర్రాడు ప్యాడీ హాప్‌కిర్క్, పక్కన హెన్రీ లిడన్‌తో మినీలో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. ఎదురుగా పెద్ద పెద్ద ఫోర్డ్ ఫాల్కన్లు. ఇతని ఇంజన్ 1071 సీసీ! 1965లో మంచుతుఫానులో మాకినెన్ గెలిచాడు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే. అధికారులు బండ్లన్నీ విప్పి వెతికి, చివరికి హెడ్‌లైట్లు డిమ్ అయ్యే పద్ధతి నిబంధనకి సరిపోలేదని మూడింటినీ కొట్టేశారు. ఎంత కడుపుమంటగా ఉంటుందో ఆలోచించండి. వాళ్లు మాత్రం మరుసటేడు మళ్లీ వచ్చారు. 1967లో ఆల్టోనెన్ కొద్ది సెకన్ల తేడాతో కప్పు పట్టుకెళ్లాడు.

1968లో లండన్ నుంచి సిడ్నీ దాకా మారథాన్ పెట్టారు. కాబూల్, ఢిల్లీ మీదుగా బొంబాయికొచ్చి, అక్కడ ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాయి కార్లు. ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, అందరికంటే ముందున్న లూసియన్ బియాంకీ కారుని ఎదురుగా మరో కారొచ్చి గుద్దింది. వెనకే వస్తున్న హాప్‌కిర్క్ గెలుపు సంగతి పక్కనబెట్టి ఆగాడు, గాయపడ్డవాళ్లని ఆదుకున్నాడు. అయినా అతని ఆస్టిన్ 1800 రెండోదిగా చేరింది. కప్పులన్నిటికంటే నాకు ఆ రెండో స్థానమే గొప్ప.

ఆ ఏడే కంపెనీ బ్రిటిష్ లేలాండ్‌లో కలిసింది. కొత్త దొరలు ఖర్చులు చూసుకున్నారు. 1970లో ఆబింగ్డన్ ర్యాలీ విభాగాన్నే మూసేశారు. ఫైలు మీద ఒక్క సంతకం చాలింది. పదిహేనేళ్లుగా ఒకరి చేతిని చూసి ఒకరు నేర్చుకున్న పనితనం చెదిరిపోయింది. రేపు మీలో ఎవరైనా పదిమందికి జీతమిచ్చే స్థాయికి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: పని తెలిసిన మనుషులు ఖర్చు కాదర్రా, కంపెనీకి అసలు ఆస్తి వాళ్లే. దాన్ని కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక్క పూట చాలు.