పాట విన్నప్పుడు మనసేల కలగును?

1951వ సంవత్సరమున విడుదలయైన ‘మల్లీశ్వరి’ చిత్రమున ఒక యుగళగీతము కలదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రచించిన ఆ గీతమునకు సాలూరి రాజేశ్వరరావు స్వరములు కూర్చగా ఘంటసాల, భానుమతి పాడిరి. రాజాంతఃపురమున చిక్కిన మల్లి, దూరముననున్న ఆమె బావ నాగరాజు మేఘమునే దూతగా వేడుకొందురు. మేడ్చల్, శామీర్‌పేటల పెద్దలకు నేటికిని అది చెవినబడినచో మనసు కలగును.

మేఘమును దూతగా పంపుట కాళిదాసు ‘మేఘసందేశము’ నాటిది. ఆ కావ్యమునకు ‘సంజీవని’ యను వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన పొరుగువాడే. ఆయన ఇంటిపేరైన కోలాచలము మెదకు సీమలోని కొల్చారమేయని పండితులు చెప్పుదురు.

అయినను, విరహము లేని శ్రోతకు ఈ కలత యేల? దీనికిని కాళిదాసే సమాధానము చెప్పెను. ‘శాకుంతలము’ అయిదవ అంకమున హంసపదిక పాట విని దుష్యంతుడు కారణమెరుగక కలతచెందును. జన్మాంతర స్నేహములేవో తలపునకు వచ్చుచున్నవి కాబోలునని యనుకొనును. శాపవశమున శకుంతలను బుద్ధి మరచెను గాని హృదయము మరువలేదు.

మన పెద్దలకు జన్మాంతరముల వరకు పోనక్కరలేదు. 1951లో ఈ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమున చేరెను. 2014 జూన్ 2న తెలంగాణమాయెను. 2016 అక్టోబరు 11న మేడ్చల్ పేర జిల్లా యేర్పడెను. పైరులూగిన చోట మేడలు లేచినవి. ఔటర్ రింగు రోడ్డు సాగినది. పాటలో మాత్రము ఒక్క స్వరమైనను మారలేదు. మారనిదాని సరసన నిలిచినప్పుడే మారినదెంతయో తెలియును. మల్లి బావకై వగచును. వినువారు చెరువుకట్టను, రేడియో చుట్టును గూడిన ఇరుగుపొరుగును, వారిలో నేడు లేనివారిని తలచుకొందురు. ప్రేమగీతము ఊరి జ్ఞాపకమగుట ఇట్లే.

అయితే ఆ తలపు గుండెలోనే యుండిపోయినచో, తలచినవారితోనే పోవును. దుష్యంతునికి స్మృతి మరల్చినది పాట కాదు, జాలరికి దొరకిన ఉంగరము. ఊరికి అట్టి యుంగరము వ్రాతయే. కావున ఈ రజతోత్సవ సమయమున పెద్దలు తాము విన్న పాటలను, విన్న చోటులను, తోడుగా విన్నవారిని గూర్చి చెప్పవలెను. చదువుకొన్న యువకులు వ్రాసి గ్రంథాలయమున భద్రపరుపవలెను. పాటను చిత్రము కాపాడినది. దానిని విన్న ఊరిని కాపాడుకొనుట ఊరివారి వంతు.