వలస, ముందస్తు

టీవీ పెడితే చాలు, ముందస్తు దాడి. ఎదుటివాడు చెయ్యెత్తేలోగా మనమే కొట్టడం. ఈ ‘ముందస్తు’ మనకు కోర్టులూ పోలీసు స్టేషన్లూ అలవాటు చేసిన మాట: ముందస్తు బెయిలు, ముందస్తు అరెస్టు. 2018లో తెలంగాణ అసెంబ్లీ రద్దయినప్పుడు ముందస్తు ఎన్నికలు. చేసినవాడు కాస్త తొందరపడ్డాడే గాని తప్పేం చేశాడు అన్నట్టు ఉంటుంది దీని వాలకం. అదే పని అవతలివాడు చేస్తే దానికి దొంగదెబ్బ అని వేరే మాట ఉంది. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్ స్థావరాల మీద పడ్డాయి. మన నోట అది దొంగదెబ్బే. 2019 ఫిబ్రవరిలో మన విమానాలు బాలాకోట్ వెళ్లొచ్చాక ఢిల్లీ పెట్టిన పేరు ‘సైనికేతర ముందస్తు చర్య’. దెబ్బ పాక్ సైన్యం మీద కాదని చెప్పడానికి ఆ ‘సైనికేతర’. యుద్ధ విమానాలు చేసిన పనికి అంత మెత్తటి పేరు వెతికినవారి ఓపికకు మాత్రం దణ్ణం పెట్టాలి.

కొత్తవలసలో కూర్చుని ఈ కబుర్లు వింటుంటే నా చూపు స్టేషను బోర్డు మీదికి పోతుంది. వలస. బ్రౌన్ నిఘంటువు దీనికి చెప్పిన అర్థం, శత్రుసేనకు భయపడి ఇల్లూ ఊరూ విడిచిపోవడం. ఇప్పుడు మనం అనుకునే కూలికి పోవడం తర్వాత సంగతి. దండు వస్తోందన్న కబురు దండు కంటే ముందు రావాలి, జనం అంతకంటే ముందు కదలాలి. అలా చూస్తే ఇదీ ముందస్తే. ఉత్తరాంధ్రలో కొత్తవలస, ఆమదాలవలస లాంటి పేర్లలో వలస అంటే వచ్చి దిగిన చోటు. పారిపోవడానికీ కుదురుకోవడానికీ ఒకే మాట సరిపోయింది.

1757లో బొబ్బిలి విజయనగరానికి పక్కలో బల్లెం. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఆ బల్లేన్ని ఫ్రెంచి ఫిరంగులతో తీయించుకోవాలనుకున్నాడు. కప్పాల వసూలుకు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ మొదట బొబ్బిలి రాజు రంగారావుకు ఒక బేరం పెట్టాడు: బొబ్బిలి వదిలెయ్యి, ఇంకోచోట ఇంతకంటే పెద్ద భూములిస్తాను. అంటే వలస పొమ్మన్నాడు. రంగారావుకు అది అవమానమైంది. జనవరి 24న కోట పడింది; లోపలి ఆడవాళ్లనూ పిల్లలనూ సొంతవాళ్లే చంపి, మగవాళ్లు చచ్చేదాకా పోరాడారు. మూడు రాత్రులు గడిచాయో లేదో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. శత్రువు పీడ విరగడైందని ఆయన నిద్రపోయింది ఆ కాసిని రాత్రులే. బుర్రకథల్లో పౌరుషం మోగుతుంది. ఆ రెండు సైన్యాల దారిలో ఉన్న పల్లెలవాళ్లు ఎటు పోయారన్నది ఏ కథలోనూ వినపడదు.

మా అమ్మమ్మకు తన వలస బాగా గుర్తు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయి 1946 దాకా అక్కడే ఉంది. “పొయ్యి మీద గంజి అలాగే వొగ్గేసి వొచ్చీసినాం” అనేది. చింతపండు కుండ నెత్తిన, దూడ పలుపు చేతిలో, రైలు కట్ట పట్టుకుని కొత్తవలస దాకా నడక. యుద్ధం సంగతి అడిగితే ఆవిడకేమీ తెలియదు. ఆర్నెల్లకు తిరిగి వెళితే వంటింటి తలుపు ఎవరో ఊడదీసుకుపోయారట. జపానువాళ్ల కంటే ఆ తలుపు దొంగనే ఎక్కువ తిట్టేది.

వార్తల్లో దేశభద్రత గురించి మాట్లాడేవారెవరూ ‘వలస’ అనరు. నిర్వాసితులు అంటారు, తరలింపు అంటారు. ఆ మాటల్లో గంజి మాడిన వాసన రాదు. ముందస్తు అన్న ప్రతిసారీ పక్కనే వలస అని కూడా రాయమని పత్రికలవాళ్లను అడగాలనుంది.

ఇప్పుడు మా స్టేషన్లో రాత్రిపూట సంచుల మీద తలపెట్టి పడుకునేది హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లేవాళ్లు. వాళ్ల పక్క పట్టాల మీద ఇనుప ఖనిజం వ్యాగన్లు కదులుతుంటాయి. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలసకు ఆ లైను వేసింది 1960లలో. అప్పట్లో ఆ ఖనిజం విశాఖ రేవులో ఓడలెక్కి జపానుకే వెళ్లేది.