ఫెర్రెట్లలో వెంట్రుకలు రాలడం

ఫెర్రెట్ ముస్టెలిడే కుటుంబానికి చెందిన చిన్న మాంసాహార జంతువు. చూడటానికి ముంగిసను పోలి ఉన్నా ముంగిసల కుటుంబం వేరు; నీటికుక్కలు, మింక్‌లు దీని కుటుంబంలోనివి. ఐరోపా పోల్‌క్యాట్ నుండి మచ్చిక చేయబడిన ఈ జంతువును అమెరికా, ఐరోపా దేశాలలో ఇళ్ళలో పెంచుకుంటారు. వీటికి వెంట్రుకలు రాలడానికి కారణాలు అనేకం. వాటిలో కొన్ని నిరపాయమైనవి, కొన్ని ప్రాణాంతకమైనవి.

ఋతు మార్పులు

వసంత, శరదృతువులలో ఫెర్రెట్లు బొచ్చు మార్చుకుంటాయి. కొన్నింటికి తోక మాత్రమే ఎలుక తోకవలె బోడిగా మారి, చర్మంపై నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఈ వెంట్రుకలు సాధారణంగా తిరిగి మొలుస్తాయి. అయితే దిగువ పేర్కొన్న వ్యాధి కూడా తరచుగా తోక వద్దనే మొదలవుతుంది. పైగా తొలి ఏడాది వసంతంలో రాలిన బొచ్చు శరత్తులో మళ్ళీ రావడంతో యజమానులు మోసపోవడం కద్దు.

అధివృక్క గ్రంథి వ్యాధి

మూడేళ్ళు దాటిన, అండాశయాలు లేదా వృషణాలు తొలగించబడిన ఫెర్రెట్లలో బొచ్చు ఊడటానికి అతి సాధారణ కారణం ఇదే. లైంగిక గ్రంథులు లేనందున పీయూష గ్రంథికి అదుపు తప్పి ల్యూటినైజింగ్ హార్మోను అధికంగా విడుదలవుతుంది. దీని ప్రేరణతో అధివృక్క గ్రంథి పెరిగి, లైంగిక హార్మోనులను స్రవిస్తుంది. క్రమేణా కణితి కూడా ఏర్పడవచ్చు. కుక్కలలో వచ్చే కుషింగ్ వ్యాధివలె ఇక్కడ కార్టిసాల్ సాధారణంగా పెరగదు. కాబట్టి కార్టిసాల్ పరీక్ష వలన ప్రయోజనం లేదు. అల్ట్రాసౌండ్, లైంగిక హార్మోనుల పరీక్షలు ఉపకరిస్తాయి.

బొచ్చు తోక నుండి నడుము మీదుగా ముందుకు, రెండు పక్కలా సమానంగా ఊడుతుంది. కొన్నింటికి దురద ఉంటుంది. ఆడవాటికి జననాంగం వాస్తుంది. మగవాటికి ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రం బంధించబడవచ్చు. అప్పుడు గంటల వ్యవధిలోనే వైద్యం అందాలి.

చికిత్సగా గ్రంథిని శస్త్రచికిత్సతో తొలగిస్తారు. ఎడమ గ్రంథిని తీయడం సులభం. కుడి గ్రంథి అధోబృహత్సిరను అంటుకొని ఉండటం వలన ప్రమాదం ఎక్కువ. చర్మం క్రింద అమర్చే డెస్లోరెలిన్ గుళికతో బొచ్చు తిరిగి వస్తుంది గాని, కణితి పెరుగుదల ఆగుతుందన్న హామీ లేదు.

ఎద దీర్ఘకాలం కొనసాగడం

అండాశయాలు తొలగించని ఆడ ఫెర్రెట్‌కు జతకూడితేనే అండం విడుదలవుతుంది. జతకూడకపోతే ఎద నెలల తరబడి కొనసాగవచ్చు. అధిక ఈస్ట్రోజెన్ వలన బొచ్చు రాలడమే కాక ఎముక మజ్జ దెబ్బతిని, తీవ్ర రక్తహీనతతో, రక్తస్రావంతో జంతువు మరణిస్తుంది. చిగుళ్ళు పాలిపోవడం ప్రమాద సూచన. శస్త్రచికిత్స వలన పైన చెప్పిన వ్యాధి వస్తుందని దానిని మానివేస్తే ఈ ముప్పు ఎదురవుతుంది. అందువలన కొందరు పశువైద్యులు డెస్లోరెలిన్‌నే ప్రత్యామ్నాయంగా వాడుతున్నారు.

ఇతర కారణాలు

గజ్జి పురుగులు, రక్తం పీల్చే కీటకాలు, తామర, చర్మపు కణితులు కూడా బొచ్చు రాలడానికి దారితీస్తాయి. వీటిలో మచ్చలు సాధారణంగా అక్కడక్కడా ఉంటాయి. తామర మనుషులకూ అంటుతుంది. పచ్చి గుడ్లు అతిగా పెడితే తెల్లసొనలోని ఎవిడిన్ వలన బయోటిన్ లోపించి బొచ్చు పలచబడుతుంది. ఉడికించిన గుడ్డుతో ఈ ఇబ్బంది లేదు.