హెల్సింకీలో మూడు రోజులు: ముందు జోన్ల లెక్క తెలుసుకోండి

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీకి స్నేహితులతో వెళ్తున్నారా? అక్కడ హోటల్, భోజనం ఖరీదే. తిరగడానికి మాత్రం ట్యాక్సీ అక్కర్లేదు. మెట్రో, ట్రామ్, బస్సు, లోకల్ రైలు అన్నిటికీ ఒకటే టికెట్. హెచ్‌ఎస్‌ఎల్ యాప్‌లో కొనుక్కోవచ్చు.

ఏ టికెట్ కొనాలి?
ఇక్కడ ఏ, బీ, సీ, డీ అని నాలుగు జోన్లు. చూడాల్సినవి దాదాపు ఏ, బీల్లోనే ఉంటాయి. ఎయిర్‌పోర్ట్ సీలో ఉంది. కాబట్టి రాకపోకలకు ఏబీసీ సింగిల్ టికెట్, మధ్యలో ఏబీ డే టికెట్ చాలు. ఒక రోజు టికెట్ 24 గంటలు చెల్లుతుంది. ఉదయం 10కి మొదలైతే మర్నాడు 10 వరకు వాడుకోవచ్చు.

గేట్లు లేవని ఎక్కేయొచ్చా?
వద్దు. డ్రైవర్ టికెట్ అమ్మరు. తనిఖీలో దొరికితే జరిమానా తప్పదు. నలుగురు వెళ్తే నలుగురికీ టికెట్ ఉండాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందంటే ఒప్పుకోరు. పవర్ బ్యాంక్ వెంట ఉంచుకోండి.

తక్కువ ఖర్చుతో ఏం చూడొచ్చు?
యునెస్కో 1991లో వారసత్వ జాబితాలో చేర్చిన సుఓమెన్‌లిన్నా సముద్రకోటకు మార్కెట్ స్క్వేర్ నుంచి హెచ్‌ఎస్‌ఎల్ ఫెర్రీ ఉంది. ఏబీ టికెట్టే సరిపోతుంది. కోటకు ప్రవేశ రుసుము లేదు, లోపలి మ్యూజియాలకు ఉంది. 2018లో తెరిచిన ఓడి లైబ్రరీలోకి ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు.

వీసా సంగతి?
భారతీయులకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి.