ఇనుప ఊరి నుంచి వెల్లూరు దాకా: షంటు వెనక చరిత్ర

జంషెడ్‌పూర్ స్టేషన్ టాటానగర్‌లో బయల్దేరే ఎర్నాకుళం ఎక్స్‌ప్రెస్ కాట్పాడిలో ఆగుతుంది. వెల్లూరు ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు దిగేది అక్కడే. జంషెడ్‌పూర్‌కు వైద్యం కొత్త కాదు. ఊరికి ఆ పేరు రాకముందే, 1908లో, టాటా మెయిన్ హాస్పిటల్ మొదలైంది. 1961లో ఎంజీఎం మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా మెదడు ఆపరేషన్ అనగానే వెల్లూరు గుర్తుకు రావడానికి కారణం ఉంది. 1949లో జేకబ్ చాందీ దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో (సీఎంసీ) ప్రారంభించారు. తర్వాతి దశాబ్దంలో విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రిలో (కేజీహెచ్) ఎస్. బాలపరమేశ్వరరావు ఆ శాఖకు పునాది వేశారు. బతుకుతెరువుకు ఉత్తరాంధ్ర నుంచి టాటా ఫ్యాక్టరీకి వలస వెళ్ళిన తెలుగువాళ్ళకు అది సొంతగడ్డ మీది ఆసరా.

ఈ విభాగాలకు వచ్చే పసిపిల్లల జబ్బుల్లో ముఖ్యమైనది హైడ్రోసెఫలస్, అంటే మెదడులో నీరు చేరడం. పెద్దవాళ్ళ మెదడులో రోజుకు సుమారు అర లీటరు ద్రవం ఊరి, మళ్ళీ రక్తంలో కలిసిపోతుంది. ఆ దారి మూసుకుపోతే మెదడులోని గదులు ఉబ్బుతాయి. పసిబిడ్డకు మాడు పొంగుతుంది, తల చుట్టుకొలత వారం వారం పెరుగుతుంది, నల్లగుడ్లు కిందికి దిగి పైన తెల్లగుడ్డు బయటపడుతుంది.

దారి మూసుకుపోతే పక్కదారి వేయాలి. ఆ పక్కదారే షంటు. మెదడు గదిలో మొదలైన సన్నని సిలికోన్ గొట్టం చెవి వెనక నుంచి, మెడ, ఛాతీ చర్మం కింద పాకి కడుపులోకి దిగుతుంది. అసలు కష్టమంతా మధ్యలో ఉండే వాల్వుతోనే. నీరు ఒకవైపే పోవాలి, ఎక్కువా పోకూడదు.

ఆ చిక్కుముడి విప్పింది డాక్టరు కాదు, జంషెడ్‌పూర్ బాగా ఎరిగిన కోవకు చెందిన మనిషి. అమెరికాలో తాళాల కంపెనీలో మెషినిస్టుగా పనిచేసే జాన్ హోల్టర్‌కు 1955లో హైడ్రోసెఫలస్‌తో కొడుకు పుట్టాడు. సర్జన్ యూజీన్ స్పిట్జ్ వాల్వుతో తన కష్టం చెబితే, హోల్టర్ ఇంటికెళ్ళి సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. చీలిక పెట్టిన సిలికోన్ వాల్వు 1956లో మరో బిడ్డకు అమరింది. హోల్టర్ కొడుకు మాత్రం ఐదేళ్ళకే పోయాడు. ఆ వాల్వుకూ పూడిక తప్పలేదు. రచయిత రోల్డ్ డాల్ కొడుకును 1960లో న్యూయార్క్‌లో టాక్సీ గుద్దింది; మెదడులో నీరు చేరడంతో వేసిన షంటు పదేపదే మూసుకుపోయింది. డాల్, బొమ్మ విమానాల ఇంజన్లకు చిన్న పంపులు చేసే స్టాన్లీ వేడ్, సర్జన్ కెన్నెత్ టిల్ కలిసి కొత్త వాల్వు చేసి, లాభం తీసుకోకుండా ఇచ్చేశారు.

మన దేశంలో అడ్డు ధర. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల సర్జన్ పురుషోత్తం ఉపాధ్యాయ దేశీయ వాల్వు తయారుచేసి, 1982లో దాని ఫలితాలు ప్రచురించారు. తర్వాత ఉత్తరప్రదేశ్ నుంచి ఛాబ్రా షంటు వచ్చింది. ఉగాండాలో 195 మంది పిల్లల మీద దాన్నీ ఒక విదేశీ షంటునూ పోల్చి చూసిన ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పటి ధరల్లో మాత్రం ఛాబ్రా 35 డాలర్లు, విదేశీది 650. మన పరిశ్రమ సాధించినవాటిలో దీనికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

అయితే షంటు వేయడంతో పని తీరదు. పిల్లల్లో పదింట నాలుగు దాకా మొదటి ఏడాదిలోనే చెడిపోతాయని ఎన్నో ఆస్పత్రుల లెక్కలు చెబుతున్నాయి. గొట్టం పూడుతుంది. చర్మం మీది సూక్ష్మజీవులు ఆపరేషన్ అప్పుడే దూరి, నెలల్లో జ్వరంగా బయటపడతాయి. నీరు అతిగా కారితే మెదడు చుట్టూ రక్తం గడ్డకడుతుంది. బిడ్డ పొడవైతే గొట్టం పొట్టిదవుతుంది.

మన దగ్గర ఇంకో శత్రువు క్షయ. అది మెదడు పొరలకు పాకినా నీరు చేరుతుంది. అలాంటి 114 మందికి వేసిన షంట్ల ఫలితాలను వెల్లూరు సర్జన్లు 1991లో ప్రచురించారు. తెలివి చెదరకముందే వచ్చినవాళ్ళలో 20 శాతం మంది చనిపోగా, గాఢ అపస్మారక స్థితిలో వచ్చినవాళ్ళలో ఒక్కరూ బతకలేదు.

కాబట్టి షంటు ఉన్న బిడ్డకు వాంతులు, తలనొప్పి, మగత కనిపిస్తే అజీర్తి అనుకుని ఆగకండి. దూరపు డాక్టరు అపాయింట్‌మెంటు కోసమూ ఆగకండి. సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆస్పత్రికి ఆ రాత్రే తీసుకెళ్ళండి. ఏ షంటు, ఎప్పుడు వేశారు, ఏ ప్రెషర్‌ది అని రాసిన కాగితం వెంట ఉంచుకోండి.