నెలోరి: బ్రెజిల్ వ్యవసాయ చరిత్రలో ఒక తెలుగు పేరు

బ్రెజిల్ వ్యవసాయాన్ని గురించి చెప్పేటప్పుడు కాఫీ, చెరకు, సోయా, మొక్కజొన్నల వరస ముందు వస్తుంది. ఆ వరస ముగిసి పశుసంపద ప్రస్తావన మొదలైన చోట తెలుగు పాఠకుడు ఒక పేరు దగ్గర ఆగవలసి ఉంటుంది. 2022 నాటికి ఆ దేశంలో పశువుల సంఖ్య 23 కోట్లు దాటింది. అదే ఏడాది జనగణనలో తేలిన మనుషుల సంఖ్య సుమారు 20 కోట్ల 30 లక్షలు. ఆ పశువుల్లో అత్యధిక భాగం మూపురం గల భారతీయ సంతతికి చెందినవి. వాటిలోనూ పెద్ద వాటా ‘నెలోరి’ అనే తెల్లని జాతిది. నెలోరి అంటే నెల్లూరే. పోర్చుగీసు నోట ద్విత్వ లకారం తేలికపడి, చివరి అచ్చు ఇకారంగా ధ్వనించింది.

ఒంగోలు గిత్త సముద్రాలు దాటి బ్రెజిల్‌ను జయించిందన్న మాట తెలుగునాట తరచు వినిపిస్తుంది. ఆ మాటలో అభిమానం ఎంత ఉందో చరిత్ర అంత లేదు. ఒక పశువు ఒక దేశపు ప్రధాన పశుజాతి కావడానికి దాని రక్తం ఒక్కటే చాలదు. దానికి కావలసిన మేత, ఆ మేతకు చోటిచ్చే పంటల పద్ధతి, సంతతిని లెక్కపెట్టి నమోదు చేసే వ్యవస్థ తోడు కావాలి. బ్రెజిల్‌లో ఇవి కూడివచ్చాయి. అదే కాలంలో ఒంగోలు సీమలో ఇవి ఒక్కొక్కటిగా సడలిపోయాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేగాని ఈ పేరు కథ పూర్తిగా అర్థం కాదు.

ముందుగా పేరు సంగతి. జాతి ఒంగోలుది అయితే పేరు నెల్లూరుది ఎందుకయింది? 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. బాస్వెల్ 1873లో వెలువరించిన నెల్లూరు జిల్లా మాన్యువల్ నాటికి ఒంగోలు పశువు అంటే పరిపాలనా పరిభాషలో నెల్లూరు పశువే. ఆ సీమ తర్వాత గుంటూరులోకీ, 1970లో కొత్తగా ఏర్పడిన జిల్లాలోకీ మారింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అన్న పేరు వచ్చింది. జిల్లాల సరిహద్దులు ఇక్కడ ఇన్నిసార్లు చెరిగినా, 19వ శతాబ్దపు పటం మాత్రం బ్రెజిల్ పశువుల పేరులో చెక్కుచెదరకుండా నిలిచింది. 20వ శతాబ్దారంభంలో డచ్చివారు ఇండోనేషియాలోని సుంబా దీవికి తీసుకుపోయిన ఇదే జాతిని అక్కడ ‘ఒంగోల్’ అనే పిలుస్తారు. ఈ తేడాకు 1904 ఒక్కటే కారణమని తేల్చలేం గాని, రెండు పేర్లూ రెండు కాలాల పరిపాలనా భూగోళాలకు సరిపోతున్నాయి.

ఈ పశువులు బ్రెజిల్ చేరిన తీరు మొదట్లో దాదాపు ప్రమాదవశాత్తు జరిగినదే. 1868లో ఇంగ్లండు వెళుతున్న ఓడ ఒకటి బాయియా రాష్ట్రంలోని సల్వదోర్ రేవులో ఆగింది. అందులోని ఒంగోలు జత అక్కడే అమ్ముడుపోయింది. 1878లో రియో ప్రాంతపు భూస్వామి మనోయెల్ ఉబెల్హార్ట్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఒక జతను చూసి కొని తెచ్చుకున్నాడు. ఆయన పేరిట ఒక వంశం నేటికీ విడిగా లెక్కలోకి వస్తుంది. ఆ కాలంలో ఆ ప్రాంతపు కొండవాలుల్లో కాఫీ తోటలు సారం కోల్పోతున్నాయి, కాఫీ పడమరగా సావో పౌలో వైపు కదులుతోంది. 1888లో బానిసత్వం రద్దయ్యాక పాత తోటల దుస్థితి మరింత తీవ్రమైంది. విడిచిన తోటల్లో గడ్డి మొలిచింది, గడ్డిలోకి పశువులు వచ్చాయి. ఒక పంట వెనుకంజ వేసిన చోటే పశువు అడుగుపెట్టిందన్న సంగతి ఇక్కడ గమనించదగింది.

ఐబీరియా నుంచి వచ్చిన పాత పశువులు ఉష్ణమండలపు ఎండకూ పిడుదులకూ డస్సిపోయేవి. మూపురపు పశువు తట్టుకున్నది. అయినా దానిమీద వ్యతిరేకత తక్కువేమీ కాదు. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు పోతున్న పశువుల ద్వారా బెల్జియంలో ముసర వ్యాధి పుట్టింది. మరుసటి ఏడాది సావో పౌలోలోనూ అది కనిపించడంతో దిగుమతులు ఆగిపోయాయి. 1930లో ఒక మంద, 1960ల తొలినాళ్ళలో చివరి మందలు వచ్చాయి. ఆ చివరివాటిని ఫెర్నాందో దె నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచి, తర్వాత ప్రధాన భూభాగానికి తరలించారు. ఒక శతాబ్ద కాలంలో భారతదేశం నుంచి వెళ్ళిన అన్ని జాతుల పశువులూ కలిపి కొద్ది వేలు మాత్రమే. ఆ కొద్ది వేలు కోట్లుగా మారడమే అసలు చరిత్ర. దానికి ఒక ముఖ్యాధారం 1938లో మొదలైన వంశావళి నమోదు. ఉబేరాబా పట్టణం అందుకు కేంద్రం.

రెండో ఆధారం గడ్డి. అది భారతదేశానిదీ కాదు, బ్రెజిల్‌దీ కాదు. ఆఫ్రికా నుంచి వచ్చింది. గినీ గడ్డి బానిస ఓడల్లో పడకలుగా పరిచిన ఎండుగడ్డితో దిగిందని చెబుతారు. ‘బ్రకియేరియా’ రకాలు 20వ శతాబ్దపు రెండో భాగంలో విస్తరించాయి. సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్ల సెర్రాదో మైదానంలో నేల పులుపు ఎక్కువ, సారం తక్కువ. 1973లో ఏర్పడిన ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1984లో ‘మరందు’ అనే బ్రకియేరియా రకాన్ని విడుదల చేసింది. అదే మైదానంలో నేలకు సున్నం చేర్చి, తక్కువ అక్షాంశాలకు తగిన సోయా రకాలను రూపొందించారు. చాలా చోట్ల అడవి కొట్టినవాడు ముందు పశువులను తోలాడు, ఆ వెనుక సోయా వచ్చింది. నెలోరి కీర్తిని చెప్పుకునేటప్పుడు సెర్రాదో, అమెజాన్ అడవుల నష్టాన్ని మరుగుపరచడం న్యాయం కాదు.

ఇక ఒంగోలు సీమ. గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య నేలల్లో ఈ జాతికి ఆధారం జొన్నచొప్ప, పిల్లిపెసర. జొన్న మనిషికి గింజను, పశువుకు చొప్పను ఇచ్చేది. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు వ్యాపించింది. అది రైతుకు రొక్కం ఇచ్చింది గాని పశువుకు మేత ఇవ్వలేదు. తర్వాత నాగార్జునసాగర్ నీటితో కొన్నిచోట్ల వరి వచ్చింది, ఎద్దు చేసే పనికి ట్రాక్టరు వచ్చింది. బ్రెజిల్‌లో మాంసానికై ఎంచుకున్న పశువుకు ఇక్కడ దుక్కి, బండి తప్ప వేరే అక్కర లేదు. ఆ పని పోగానే బలం పందెపు బండ లాగడానికే మిగిలింది. లాం ఫారం, చింతలదేవి వంటి ప్రభుత్వ క్షేత్రాలు జాతిని కాపాడుతున్నాయి. రైతు దొడ్డి వాటికి ప్రత్యామ్నాయం కావాలి గాని, జరిగింది తలకిందులు.

సంతతి ఎంపికకు ఇక్కడా ఒక వ్యవస్థ ఉండేది. చనిపోయినవారి పేరిట మేలైన కోడెను ఎంచి, శూలమో చక్రమో ముద్ర వేసి ఊరి మీద వదిలేవారు. శాస్త్రంలో దాని పేరు వృషోత్సర్గం, వాడుకలో అచ్చు వేసి వదలడం. అది ఏ చేలో మేసినా ఎవరూ కొట్టేవారు కారు. ఊరి ఆవుల సంతతి దానివల్ల నిలిచేది. మేత బీళ్ళు తగ్గి ఆ ఆచారం సన్నగిల్లాక, ‘అచ్చోసిన ఆంబోతు’ అన్నది బాధ్యత లేకుండా తిరిగేవాడిని తిట్టే మాటగా నిలిచింది. ఊరందరి ఆస్తిగా బతికిన పశువు భాషలో నింద కావడం తెలుగు జాతీయాల చరిత్రలో విచారించదగిన అర్థాపకర్షం.

బ్రెజిల్ వంశావళి పట్టికల్లో ఉన్న మాటలు వేరు. 1960ల నాటి దిగుమతుల్లో ప్రసిద్ధికెక్కిన ఆబోతు ‘కర్వాది’. అది ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు. ‘గోధావరి’ మరో వంశం. ‘చెకురుపాదు’లో చేకూరపాడు గుర్తుపట్టవచ్చు. ‘ఆకాసము’ అన్న పేరులో శకారం సకారమైంది గాని, చివరి ‘ము’ ప్రత్యయం చెడలేదు. వ్యవహారంలో తెలుగువారు ‘ఆకాశం’ అని అనుస్వారంతో ముగించుకున్న మాటను, దాని అర్థం తెలియని ఉబేరాబా గుమాస్తా గ్రాంథిక రూపంలోనే పట్టికకెక్కించాడు. ఆ సంతతి దూడల పత్రాల్లో అది ఇప్పటికీ అలాగే ఉంది.