హుమాయూన్ సమాధి తోట: నీటి దారులు, చరిత్ర పొరలు

శిక్షణకై ఢిల్లీ వెళ్ళిన మా అధికారుల బృందానికి ఒక శీతకాలపు ఉదయం హుమాయూన్ సమాధి మందిరాన్ని సందర్శించే అవకాశం కలిగింది. పశ్చిమ ద్వారం దాటగానే అందరి చూపూ ఎర్రరాతి కట్టడం మీద, దానిపైని పాలరాతి గుమ్మటం మీద నిలిచింది. మార్గదర్శకుడు మాత్రం మమ్మల్ని అక్కడే ఆపి, పాదాల చెంతనున్న సన్నని రాతి కాలువను చూడమన్నారు. తోటను అర్థం చేసుకోనిదే కట్టడం అర్థం కాదని ఆయన అభిప్రాయం.

హుమాయూన్ 1556లో మరణించాడు. ఆయన భార్య హాజీ బేగం పూనికతో, మీరక్ మీర్జా గియాస్ రూపకల్పనతో, అక్బరు ఏలుబడిలో 1570 ప్రాంతాన ఈ మందిరం రూపొందింది. ఉపఖండంలో ఉద్యాన సమాధులకు ఇదే ఆద్యం. పారశీక సంప్రదాయాన్ని అనుసరించి తోటను నాలుగు ప్రధాన భాగాలుగా, వాటిని మళ్ళీ చిన్న చదరాలుగా విభజించారు. కాలువల వాలు నలభై మీటర్లకు ఒక్క సెంటీమీటరు మాత్రమే. నీరు పారుతున్నా నిలిచినట్లే కనిపించడంలోని రహస్యం అదే.

మొగలుల ప్రాభవం సన్నగిల్లగా తోట కూరగాయల మడిగా మారింది. 1857లో చివరి చక్రవర్తి బహదూర్ షా జఫర్ ఆంగ్లేయులకు చిక్కింది ఇక్కడే. 1860 దశకంలో చదరపు కొలనుల స్థానే ఆంగ్లపద్ధతి గుండ్రని పూలమడులు వెలిశాయి. కర్జన్ కాలంలో పూర్వరూపాన్ని తిరిగి తెచ్చే యత్నం జరిగింది. 1993లో ఇది ప్రపంచ వారసత్వ స్థలమైంది. 1997లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ, ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు సంయుక్తంగా పునరుద్ధరణ చేపట్టి 2003లో ముగించాయి. సుమారు మూడు కిలోమీటర్ల కాలువలను సరిచేశారు. 128 ఇంకుడు గుంతలు తవ్వారు. నిమ్మ, మామిడి, మందార, మల్లె మొదలైన రెండున్నర వేల మొక్కలు నాటారు.

దేశవిభజన నాటి శరణార్థుల శిబిరం వల్ల తోటకు, కాలువలకు నష్టం వాటిల్లిందని మార్గదర్శకుడు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగారు. బృందంలోని ఒక పెద్దాయన కదలలేదు. 1947లో తమ నాయనమ్మ పసిబిడ్డతో ఈ గోడల నడుమనే తలదాచుకున్నదని, ఆ బిడ్డ తన తండ్రి అని మెల్లగా చెప్పారు. “మా ఇంట్లో ఈ చోటును సమాధి అనరు, మొదటి ఇల్లంటారు” అన్నారు. మార్గదర్శకుడు వెనక్కి వచ్చి, శిబిరం ఏ వైపున ఉండేదని ఆయననే అడిగారు. ఆయనకూ తెలియదు.

పునరుద్ధరణ అంటే అనేక కాలాలలో ఒకదానిని ఎంచుకోవడమే. పదహారవ శతాబ్దాన్ని ఎంచుకోవడం న్యాయమే. ఆ రూపకల్పన మరెక్కడా దొరకదు. కానీ పాలనాధికారిగా నేను చదివే నివేదికల్లో “నష్టం” అన్న మాట వెనుక ఎందరి బ్రతుకులున్నాయో ఆనాడు స్ఫురించింది. కాలువలను తిరిగి పారించిన చోటే, ఆశ్రయం పొందినవారి వృత్తాంతాన్ని కూడా సందర్శకులకు వివరంగా చెప్పాలి. దానికి ఒక్క రాయినీ కదపనక్కరలేదు. మార్గదర్శకుని కథనంలో మరికొన్ని వాక్యాలు చేరితే చాలు.